బంకమట్టిలో మొక్క నాటాలా? లోతు తగ్గించండి, వెడల్పు పెంచండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. నేల బంకమట్టి, మొక్క పెడితే బతకడం లేదు, ఏం చేయాలి? అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు తోసేసి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను కాబట్టి మీ ప్రశ్న మీ మాటల్లోనే కనిపించకపోవచ్చు, జవాబు మాత్రం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

ప్రశ్న: సార్, మాది బాగా జిగురుగా ఉండే బంకమట్టి నేల. పోయినేడు వానలకు ముందు మీటరు లోతున గుంతలు తీయించి, అడుగున కంకర పోసి, పైన ఇసుక, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి మొక్కలు నాటించాం. ఎక్కడా తగ్గలేదు. నాలుగు వానలు పడేసరికి ఆకులు పసుపెక్కి, వాడిపోయి ఒక్కొక్కటీ చచ్చాయి. పీకి చూస్తే వేళ్ళు నల్లబడి కుళ్ళు కంపు. ఇంత శ్రద్ధగా చేస్తే ఎందుకిలా అయింది?

జవాబు: మీరు తీయించింది గుంత కాదండి, అడుగున చిల్లు లేని కుండ. కోపం తెచ్చుకోకండి. ఎవరిని అడిగినా "లోతుగా తవ్వు, మంచి మట్టి పొయ్యి" అనే చెబుతారు కాబట్టి చాలామంది చేసేది ఇదే, తేలిక నేలల్లో దీనివల్ల పెద్ద నష్టం కూడా ఉండదు. బంకమట్టిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. బంకమట్టి ఒకసారి తడిశాక దానిలోకి నీరు గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్ల వరకే ఇంకుతుంది, అదే ఇసుక నేలలో 30 మిల్లీమీటర్లు దాటుతుంది. మీరు గుంతలో నింపిన గుల్ల మట్టి కూడా నీటిని ఇట్టే మింగేస్తుంది. కాబట్టి వాన పడినప్పుడు చుట్టుపక్కల ఇంకకుండా మిగిలిన నీరంతా ఆ గుంతలోకే చేరుతుంది. చేరాక పక్కలా అడుగునా ఉన్న బంకమట్టి దాన్ని బయటికి పోనివ్వదు, మొక్క ఆ నీళ్ళలోనే రోజుల తరబడి నిలబడాలి.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుందని మనం మర్చిపోతాం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే గాలిలోంచి దానికి ఆక్సిజన్ అందాలి. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే, నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ కాబట్టి, వేరు చుట్టూ ఉన్న కాస్తా ఖర్చయిపోయాక మళ్ళీ వచ్చి చేరదు. నేల వెచ్చగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే ఈ పరిస్థితి వస్తుంది. ఆ తర్వాత సన్న వేళ్ళు చావడం మొదలవుతుంది, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు చేరతాయి, మీకు వచ్చిన కంపు వాటి పనే. ఫైటోఫ్తోరా లాంటి వేరుకుళ్ళు తెగుళ్ళకు ఇంతకంటే మంచి అదను ఉండదు, వాటి బీజాలు నీటిలో ఈదుకుంటూ పోయి కొత్త వేళ్ళను పట్టుకుంటాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. వేళ్ళు చచ్చాక మొక్క నీరు తాగలేదు, కాబట్టి నీళ్ళలో నిలబడి కూడా దాహంతో ఉన్న మొక్కలాగే ఆకులు వేలాడేస్తుంది. అది చూసి ఇంకో రెండు బిందెలు పోస్తాం. అక్కడితో దాని పని అయిపోతుంది.

కంకర మాట కూడా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఈ నమ్మకం ఎంత చెప్పినా పోదు. సన్న మట్టిలో ఉన్న నీరు దాని కింద ఉన్న లావు కంకరలోకి అంత తేలిగ్గా దిగదు. సన్నటి రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, పై మట్టి పూర్తిగా నానిపోయాకే కిందికి వదులుతాయి. అంటే కంకర వేయడం వల్ల నీరు నిలిచే మట్టం పైకి, వేళ్ళకు ఇంకా దగ్గరికి వస్తుంది. కంకర పొర కిందనుంచి నీటిని పల్లానికి తీసుకుపోయే గొట్టం ఉంటే వేరే సంగతి. లేకపోతే ఆ కంకర ఇంటిముందు దారికి వాడుకోండి.

ప్రశ్న: మా నేల నిజంగా బంకమట్టేనా కాదా ఎలా తెలుస్తుంది? కొందరు అవునంటారు, కొందరు మామూలు గట్టి నేలే అంటారు.

జవాబు: గుప్పెడు మట్టి తీసి, రాళ్ళూ వేళ్ళూ ఏరేసి, కొద్దికొద్దిగా నీళ్ళు కలుపుతూ ముద్ద చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలాగా ముందుకు తోయండి. 5 సెంటీమీటర్లు దాటినా తెగకుండా సాగితే అది గట్టి బంకమట్టి. రెండున్నర లోపే విరిగిపోతే మీ బాధ బంకమట్టి కాదు, మరేదో. ఇంకాస్త వివరంగా కావాలంటే గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక ఒక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది, ఒండ్రు రెండు గంటల్లో దిగుతుంది. బంక రేణువులు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నవి, అవి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. పైన ఏర్పడిన ఆ బంక పొర మొత్తం మందంలో 40 శాతం దాటితే సందేహం అక్కర్లేదు.

అయితే నన్నడిగితే ఈ రెండిటికంటే మూడో పరీక్షే ముఖ్యం. నాటబోయే చోట 30 సెంటీమీటర్ల లోతున చిన్న గొయ్యి తీసి నీళ్ళతో నింపండి. అవి పూర్తిగా ఇంకనివ్వండి. మర్నాడు మళ్ళీ నింపి, ఒక పుల్ల పెట్టి గంటకు ఎంత మట్టం దిగిందో కొలవండి. రెండున్నర సెంటీమీటర్లు, అంతకు మించి దిగితే నిశ్చింతగా నాటుకోవచ్చు. అంతకంటే తక్కువైతే మొక్కను ఎత్తులో పెట్టాలి. సెంటీమీటరు కూడా దిగలేదంటే దిబ్బ పోసి నాటడమో, నీరు నిలిచినా తట్టుకునే చెట్టును ఎంచుకోవడమో, కాలువ తీసి నీటిని పల్లానికి మళ్ళించడమో, ఈ మూడింటిలో ఒకటి చేయక తప్పదు. మొదటి రోజు నింపిన నీళ్ళు మర్నాటికీ అలాగే ఉన్నాయా? ఇక కొలవడం కూడా దండగ.

ఇదే గొయ్యి తవ్వేటప్పుడు మట్టి రంగు కూడా చూడండి. కింద బూడిద రంగు, నీలి ఛాయ, మధ్యమధ్యలో తుప్పు మరకలు కనిపిస్తే ఏడాదిలో చాలా కాలం అక్కడ నీరు నిలుస్తోందని అర్థం. మీరు ఎండాకాలంలో స్థలం చూసి మోసపోయినా మట్టి అబద్ధం చెప్పదు.

ప్రశ్న: బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందంటారు, జిప్సం వేస్తే చాలంటారు, కంపోస్టు ఎంత వేస్తే అంత మంచిదంటారు. ఏది నిజం?

జవాబు: ఇసుక వద్దు. బంకమట్టి గుణం మారాలంటే మొత్తం పరిమాణంలో సగానికి పైగా ఇసుకే ఉండాలి. ఆ లెక్కన లారీలు తిప్పాలి, పైగా మార్పు వచ్చేది ఆ గుంతవరకే. కొంచెం కలిపితే ఇసుక రేణువుల మధ్య ఖాళీలన్నీ బంక పూడ్చేసి నేల ముందుకంటే గట్టిపడుతుంది.

జిప్సం మంచి మందే, కానీ ఒకే జబ్బుకు. నేలలో సోడియం ఎక్కువై చౌడు బారినప్పుడు జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తప్పించి దాని చోట కూర్చుంటుంది, తర్వాత నీటితో సోడియం కిందికి కొట్టుకుపోవాలి. ఆ నీరు పోయే దారి లేకపోతే అప్పుడు కూడా ఫలితం ఉండదు. మీ నేలకు ఆ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఎండిన చిన్న మట్టిపెళ్ళను వాననీళ్ళున్న గాజు గిన్నెలో మెల్లగా వదిలి, కదపకుండా కొన్ని గంటలు చూడండి. పెళ్ళ చుట్టూ పాలలాగా తెల్లటి మబ్బు కమ్మితే సోడియం ఉన్నట్టే, మట్టి పరీక్ష చేయించి జిప్సం మోతాదు తెలుసుకోండి. పెళ్ళ ఊరికే పొడిపొడిగా విడిపోయి నీరు తేటగానే ఉంటే జిప్సం వేసి లాభం లేదు.

కంపోస్టు విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. గుంతలో కలపకండి, పైన పరవండి. 1970ల్లో అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో దీనిమీద పరీక్షలు చేశారు. గుంతలో పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు) లాంటివి కలిపి నాటిన మొక్కలకూ, తవ్విన మట్టినే తిరిగి పోసి నాటినవాటికీ పోల్చి చూస్తే కలిపినందువల్ల లాభమేమీ కనిపించలేదు. దానికి కారణాలున్నాయి. కలిపిన మట్టికీ చుట్టూ ఉన్న మట్టికీ తేడా ఎంత ఎక్కువైతే నీరు ఆ హద్దు దగ్గర అంత ఆగిపోతుంది. వేళ్ళు కూడా మెత్తటి చోటు వదిలి గట్టి బంకలోకి పోవడానికి ఇష్టపడక లోపలే చుట్టుకుంటాయి. పైగా కంపోస్టు చివుకుతున్నకొద్దీ గుంత కుంగి, మొక్క మొదలు నేలమట్టం కంటే కిందికి జారుతుంది. మీకు నేలను బాగుచేయాలని నిజంగా ఉంటే గుంతను కాదు, మొత్తం స్థలాన్ని బాగుచేయండి, చెట్టు పెద్దయ్యాక వేళ్ళు పాకేది అక్కడే.

ప్రశ్న: సరే, వద్దన్నవి తెలిశాయి. నాటే రోజు అసలు ఏం చేయాలో మొదటినుంచి చెప్పండి. వాన పడిన మర్నాడు తవ్వడం తేలిక కదా, అప్పుడు నాటేయొచ్చా?

జవాబు: వాన పడిన మర్నాడు ఆ నేలలో కాలు కూడా పెట్టకండి. తడి బంకమట్టిని తొక్కినా తవ్వినా దానిలో ఉన్న కాసిన్ని గాలి సందులు కూడా నలిగిపోతాయి, అవి మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది. బాగా ఎండిపోయాక తవ్వుదామంటే గునపం దిగదు. ఈ రెండిటికీ మధ్య పదును కోసం ఆగాలి. ఉండ చేసి బొటనవేలితో నొక్కితే సాగకుండా పొడిగా విరిగిందంటే పదును వచ్చినట్టు. బంకమట్టిలో ఈ పదును ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి మొక్కలు ముందే తెచ్చి సిద్ధంగా పెట్టుకోండి.

ఇక గుంత లోతుకు కొలత మీ పారా గునపమూ కాదు, మొక్క. కవరులోంచి గానీ కుండీలోంచి గానీ తీశాక వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ ఎంత ఎత్తుందో గుంత అంతకంటే 5 నుంచి 8 సెంటీమీటర్లు తక్కువ లోతుండాలి. నీరు బాగా నిలిచే చోట గడ్డలో మూడో వంతు నేలపైనే ఉన్నా తప్పులేదు. వెడల్పు మాత్రం గడ్డకు రెండు మూడు రెట్లు తీయండి, పక్కలు నిటారుగా కాకుండా పళ్ళెంలా వాలుగా ఉండాలి. అడుగున మట్టిని గుల్ల చేయకండి. కదిలించని గట్టి నేల మీదే గడ్డ కూర్చోవాలి, లేకపోతే తర్వాత కుంగుతుంది. చెట్ల వేళ్ళలో ఎక్కువ భాగం పై అరమీటరు లోతులోనే ఉండి పక్కలకు పాకుతాయి కాబట్టి వెడల్పు చేసిన ప్రతి జానా పనికొస్తుంది, లోతుకు పెట్టిన చాకిరీ వృథా.

గుంత తవ్వాక గోడలు చూడండి. పార దెబ్బలకు, మరీ ముఖ్యంగా యంత్రంతో తోడినప్పుడు, బంకమట్టి నున్నగా మెరుస్తూ అంటుకుపోతుంది. వేరు అక్కడికొచ్చి ముట్టుకుని పక్కకు తిరిగిపోతుంది. గునపం మొనతోనో పంజా పారతోనో ఆ గోడలన్నీ గీరి గరుకు చేయండి. రెండు నిమిషాల పని, చాలామంది వదిలేస్తారు, నా ఉద్దేశంలో బంకమట్టి గుంతలో ఇంతకంటే లాభసాటి పని లేదు.

మొక్కను కవరులోంచి తీశాక మొదటి పని, కాండం కాస్త వెడల్పై వేళ్ళుగా విడిపోయే చోటు ఎక్కడుందో వెతకడం. నర్సరీలో మట్టి పోస్తూ పోస్తూ దాన్ని నాలుగు వేళ్ళ లోతున పూడ్చేసి ఉంటారు. అది కనబడేదాకా పైమట్టి తీసేయండి, నాటే మట్టానికి కొలత అక్కడినుంచే. గడ్డ చుట్టూ వేళ్ళు గుండ్రంగా తిరిగి ఉంటే మొహమాటపడకుండా విడదీయండి, విడదీయలేనంత లావైతే కత్తిరించండి. తేలిక నేలలో ఆ వేరు ఎప్పటికైనా బయటికి పోతుందేమో గానీ బంకమట్టిలో అలాగే తిరిగి తిరిగి పదేళ్ళకు మొదలుకే ఉరి బిగిస్తుంది.

తవ్విన మట్టినే పెళ్ళలు చితక్కొట్టి తిరిగి పోయండి. కాలితో తొక్కకండి, చేత్తో సర్ది నీళ్ళు పోస్తే అదే సర్దుకుంటుంది. పైకి వచ్చిన గడ్డ చుట్టూ మట్టిని వాలుగా దించండి, కానీ గడ్డ పైన మాత్రం మట్టి వేయొద్దు, నీరు పైపైనే పక్కకు జారిపోతుంది. ఊతకర్ర అవసరమైతేనే పెట్టండి. గాలికి కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది, కట్టినా వదులుగా కట్టి ఏడాది తిరిగేలోపు విప్పేయండి.

ప్రశ్న: పల్లంలో ఉన్న స్థలం, వానాకాలమంతా తడే. దిబ్బ పోసి నాటమన్నారు. ఎంత ఎత్తు పోయాలి? ఎండాకాలంలో దిబ్బ ఎండిపోదా?

జవాబు: 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, కనీసం మీటరున్నర వెడల్పు. ఎత్తుకంటే వెడల్పే ముఖ్యం, నిటారుగా పోసిన దిబ్బ మొదటి వానకే జారిపోతుంది. మట్టి బయటినుంచి తెస్తే మీ నేలకు దగ్గరగా ఉండేది, కొంచెం మాత్రమే తేలికైనది తీసుకోండి. పోసే ముందు కింద నేలను పైపైన గుల్లచేసి కలిపితే రెండు మట్టులకూ మధ్య గీత గీసినట్టుండదు. వరసగా చాలా మొక్కలుంటే విడివిడి దిబ్బలకంటే పొడవాటి బోదె పోయడం మేలు, రెండు బోదెల మధ్య కాలువ వాటంగా ఉంటే నీరు దానంతటదే పోతుంది.

ఎండిపోతుందన్నది నిజమే, మొదటి రెండు వేసవుల్లో దిబ్బను కనిపెట్టి ఉండాలి. అయినా ఎండిన మొక్కకు నీళ్ళు పోసి బతికించుకోవచ్చు. వేళ్ళు కుళ్ళిన మొక్కకు చేయగలిగింది చాలా తక్కువ.

ప్రశ్న: నీళ్ళు రోజూ పోయాలా, వారానికోసారా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, టెన్షన్ పెరిగిపోతోంది.

జవాబు: రోజుల లెక్క చెప్పేవాళ్ళను నమ్మకండి, నన్ను కూడా. బంకమట్టి పైన ఎండి పగుళ్ళిచ్చినా జానెడు లోతున బాగా తడిగా ఉండొచ్చు. ఒక సన్నటి ఇనుప చువ్వను గుచ్చి తీయండి, తడి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు.

కానీ మొదటి కొన్ని వారాలు ఇంకో తిరకాసు ఉంటుంది. నర్సరీ మొక్కల గడ్డలో తరచుగా కొబ్బరి పీచు పొడి లాంటి తేలిక సరుకు ఉంటుంది, అది చుట్టూ ఉన్న బంకమట్టికంటే చాలా త్వరగా ఆరిపోతుంది. వేళ్ళన్నీ ఇంకా దానిలోనే ఉన్నాయి. చుట్టూ తడి, మధ్యలో మొక్క ఎండడం, వినడానికి విడ్డూరంగా ఉన్నా తరచూ జరిగేదే. అందుకని చువ్వ రెండు చోట్ల గుచ్చండి, ఒకటి గడ్డలో, ఒకటి బయట. గడ్డ మాత్రమే ఆరితే మొదట్లో కొంచెం నీళ్ళు పోస్తే చాలు. వేళ్ళు బయటి మట్టిలోకి పాకాక పద్ధతి మార్చి, ఎక్కువ రోజులకోసారి, వెడల్పుగా, మెల్లగా ఇంకేలా పోయండి. పైపు పెట్టి ఒక్కసారిగా వదిలితే సగం నీరు పక్కకు పోతుంది. పాదు కట్టేవాళ్ళు కూడా మొదలు చుట్టూ గుంటలా కాకుండా గడ్డ అంచుకు అవతల కట్టండి, వానాకాలం రాగానే గట్టుకు ఒకవైపు గండి కొట్టేయండి.

ప్రశ్న: ఎండాకాలంలో మా నేల చేయి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. లేత చెట్ల మధ్యనుంచి కూడా పగుళ్ళు పోయాయి. ఇసుక పోసి పూడ్చమంటారా?

జవాబు: ఇసుక మాట మళ్ళీ వచ్చింది! వద్దండి. ఇలాంటి నేలల్లో తడిస్తే ఉబ్బి ఆరితే కుంచించుకుపోయే రకం బంక ఉంటుంది. ఇసుకతో పూడ్చితే వానలకు నేల ఉబ్బినప్పుడు చోటు చాలక పక్క మట్టి నలుగుతుంది. నెర్రెల వల్ల నష్టం రెండు రకాలు, సన్న వేళ్ళు పుటుక్కున తెగుతాయి, లోపలికి వేడి గాలి పోయి నేల లోతుల్లోంచి కూడా ఆరుతుంది. విరుగుడు నెర్రె పడకముందే చేయాలి. ఎండుటాకులు, గడ్డి, చెక్క తురుము, ఏది దొరికితే అది 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన వీలైనంత వెడల్పుగా పరవండి. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలాలి, తడి ఆకులు బెరడుకు ఆనితే కుళ్ళు పడుతుంది. ఇప్పటికే పడిన నెర్రెల్లోకి ఎండు కంపోస్టు వదులుగా రాల్చొచ్చు, తవ్వకుండానే లోతుకు ఎరువు పంపే అవకాశం ఇదొక్కటే. ఆ తర్వాత పైన ఆకులు కప్పి, నీళ్ళు కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో పోయండి. ఒక్కసారే పోస్తే నెర్రెలోంచి నేరుగా కిందికి దిగిపోయి వేళ్ళకు తగలదు.

ఈ ఆకుల పొర వల్ల ఇంకో మేలు, వానపాములు. నేను పైన గుంతలో కలపొద్దన్న ఎరువును అవి మీకోసం ఉచితంగా లోపలికి లాక్కెళ్ళి, దారిలో గాలికి సొరంగాలు కూడా తవ్విపెడతాయి. మెల్లగా జరిగే పని, మూడు నాలుగేళ్ళకు పార దిగే తీరులోనే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: బంకమట్టికి సరిపడే చెట్లు చెప్పండి.

జవాబు: తెల్లమద్ది, నేరేడు, కానుగ, నల్లతుమ్మ, ఇవి బరువు నేలనూ కొంతకాలం నిలిచే నీటినీ బాగానే తట్టుకుంటాయి. మామిడి కొంతవరకు ఓర్చుకుంటుంది, అది కూడా ఎత్తులో నాటితేనే. బొప్పాయి, మునగ, అవకాడో నీరు నిలిస్తే అసలు తట్టుకోవు, దిబ్బ లేకుండా వాటి జోలికి పోకండి. నిమ్మ, బత్తాయి జాతుల్లో అయితే అంటు కట్టిన వేరుమూలం ఏదన్నదాన్నిబట్టి ఉంటుంది, నర్సరీవాళ్ళను ఆ మాట అడిగి మరీ కొనండి. ఒక్క విషయం, ఎంత తట్టుకునే చెట్టైనా నాటిన మొదటి ఏడాది తట్టుకోదు. ఆ గుణం వేళ్ళు పాకాక వచ్చేది.

చిన్న మొక్క కొనాలా పెద్దది కొనాలా అని కూడా కొందరు అడిగారు. చిన్నదే. పెద్ద గడ్డకు పెద్ద గుంత కావాలి, గుంత ఎంత లోతైతే ఇబ్బంది అంత.

ప్రశ్న: ఇంటి గోడకు రెండు మీటర్ల దూరంలో నీడకోసం పెద్ద చెట్టు పెడదామనుకుంటున్నాం. బంకమట్టిలో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది. చెట్టు నేలలోని తడిని లాగేసినప్పుడు బంకమట్టి కుంచించుకుపోతుంది, దానిమీద లోతు లేని పునాది ఉంటే గోడ బీట్లు వారుతుంది. 1976లో బ్రిటన్‌లో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు అక్కడి బంకమట్టి నేలల్లో కట్టిన ఇళ్ళు ఇలా చాలా దెబ్బతిన్నాయి, బీమా కంపెనీలకు అప్పట్లో క్లెయిములు వెల్లువెత్తాయి. వేరు గోడను తొలుచుకుపోతుందని అందరూ భయపడతారు గానీ ఎక్కువ నష్టం చేసేది ఈ నేల కుంగడమే. చెట్టు పెరిగాక ఎంత ఎత్తవుతుందో కనీసం అంత దూరం వదలండి. రెండు మీటర్లలోనే పెట్టాలంటే పొదలాంటిదేదైనా చూసుకోండి. ఇప్పటికే గోడ పక్కన పెద్ద చెట్టుంటే కంగారుపడి ఒక్కసారిగా కొట్టించకండి, ఆరిన నేల మళ్ళీ తడిసి ఉబ్బినా గోడకు ముప్పే, ముందు ఇంజినీరుకు చూపించండి.

ప్రశ్న: కొత్తగా ఇల్లు కట్టాం. పునాదులు తవ్విన మట్టంతా పెరట్లోనే పరిచారు, దానిమీద లారీలు తిరిగాయి. ఇప్పుడు అక్కడ గడ్డి కూడా మొలవడం లేదు.

జవాబు: మీకు పైన ఉన్నది నిజానికి అడుగు మట్టి, అసలు పైమట్టి దానికింద సమాధి అయింది. ముందు ఆ పరిచిన పొర ఎంత మందముందో నాలుగు చోట్ల తవ్వి చూడండి. పలచగా ఉంటే తీయించేయడమే ఉత్తమం. మందంగా ఉంటే, నేల పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు యంత్రంతో అరమీటరు లోతు వరకు పగలగొట్టించి, ఆ పెళ్ళల్లోకి బాగా చివికిన కంపోస్టు విరివిగా వేయించండి. ఎరువును లోపల కలపమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే, ఎందుకంటే ఇక్కడ కలుపుతున్నది గుంతలో కాదు, పెరడంతటా. ఒక పంట కాలం జనుమో జీలుగో చల్లి కలియదున్నితే ఇంకా మంచిది. చెట్లకు తొందరపడకండి. ఇకమీదట ఏ బండీ ఆ నేలమీదికి రాకుండా చూసుకోండి, నేల గట్టిపడడంలో ఎక్కువ భాగం మొదటిసారి చక్రం తిరిగినప్పుడే జరిగిపోతుంది.

ప్రశ్న: నాటి ఏడాదయింది. కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. నీరు నిలవడం వల్లేనా?

జవాబు: అది ఇనుము అందకపోవడం. సున్నం ఎక్కువున్న బంకమట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళకు దొరకదు, నేల తడిగా ఉంటే ఇంకా ముదురుతుంది. మట్టి మీద కాస్త వెనిగర్ పోసి చూడండి, బుసబుసమని పొంగితే సున్నం ఉన్నట్టే. అలాంటి నేలలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) వేస్తే త్వరగానే పనికిరాకుండా పోతుంది, ఈడీడీహెచ్ఏ (ఇనుమును సున్నపు నేలలో కూడా వేళ్ళకు అందేలా పట్టి ఉంచే పదార్థం) రూపంలో ఉన్న ఇనుము వేస్తే పనిచేస్తుంది. ముందు మాత్రం నీళ్ళు తగ్గించి చూడండి.

ప్రశ్న: మేం ఇప్పటికే లోతుగా నాటేశాం. మొక్కలు చావలేదు, పెరగడమూ లేదు. మొదలు దగ్గర బెరడు మీద తెల్లగా ఉబ్బిన మచ్చలు వచ్చాయి. పీకి మళ్ళీ నాటాలా, లేక ఎరువేస్తే లేస్తాయా?

జవాబు: ఆ తెల్ల మచ్చలు తెగులు కాదు, గాలి చాలక బెరడు రంధ్రాలు ఉబ్బడం. మొక్క ఇంకా పోరాడుతోందన్నమాట. నాటి ఏడాది రెండేళ్ళలోపే అయితే, ఎదుగుదల ఆగిన కాలం చూసి, పదును మీద ఉన్నప్పుడు గడ్డతో సహా పైకి లేపి పైన చెప్పిన మట్టానికి నాటండి. అంతకంటే పెద్దదైతే కదపొద్దు. వేళ్ళు విడిపోయే చోటు బయటపడేదాకా చుట్టూ మట్టి వెడల్పుగా లాగేయండి, ఆ పల్లంలోంచి నీరు పోయేలా ఒకవైపు చిన్న కాలువ తీయండి, కాలువకు వాటం తప్పనిసరి. నీళ్ళు చువ్వ చెప్పినప్పుడే. ఎరువు ఇప్పుడు వేయకండి, ఊపిరాడని వేళ్ళు దాన్ని తీసుకోలేవు. బంకమట్టిలో పోషకాలకు మామూలుగా కరువుండదు కూడా. వచ్చే సీజన్‌లో కొత్త చిగుళ్ళు జానెడు పొడవైనా సాగితే, అప్పుడు చివికిన ఎరువు పలచగా పైన పరిచి ఆకులు కప్పండి.